ల్యాబుకు కంప్యూటర్లు: ముందు చిప్‌సెట్ చూద్దాం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్వర్ణోత్సవంలో మైకు ఇస్తే పాత జ్ఞాపకాలు చెప్పడం ఆనవాయితీ. ఆ పని పొద్దుటి నుంచి నాకన్నా బాగా చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. కమిటీవాళ్లు నాకు వేరే పని అప్పజెప్పారు. సంఘం తరఫున బడికి కంప్యూటర్ ల్యాబు ఇవ్వాలని తీర్మానం చేసుకున్నాం. ఎలాంటి కంప్యూటర్లు ఇవ్వాలన్న దగ్గర మాత్రం మాట కుదరలేదు. ఆ సంగతి నలుగురికీ అర్థమయ్యేట్టు చెప్పమన్నారు.

మన ముందు రెండు ప్రతిపాదనలు ఉన్నాయి. ఉన్న డబ్బుతో పది కొత్త కంప్యూటర్లు కొనడం ఒకటి. బెంగళూరులో ఉద్యోగం చేసే మన మిత్రులు తమ ఆఫీసులో పక్కనపెట్టిన ఇరవై కంప్యూటర్లు ఉచితంగా ఇప్పిస్తామంటున్నారు, అవి తెచ్చుకోవడం రెండోది. ఈ రెండో మాట కమిటీలో రాగానే మనలో ఒకాయన, "ఏమప్పా, వాళ్లు పారేసేవి మన పిల్లోళ్లకా?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనది. పిల్లలకు దానం పేరుతో చెత్త ఇవ్వకూడదు. కాబట్టి ముందు అవి చెత్తో కాదో తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఈ పూట నేను చెప్పబోయేది ఆ పద్ధతి గురించే.

మొదట, ఆ ఆఫీసు వాటిని ఎందుకు పక్కనపెట్టిందో చూద్దాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే, కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరందో ఆ తర్వాతిదో కావాలి. మనకు ఇస్తామంటున్నవి ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ మెషీన్లు. 2015 నుంచి 2017 దాకా మార్కెట్లోకి వచ్చిన సరుకు. అవి కాలిపోలేదు, విరిగిపోలేదు. విండోస్ 11 వాటిని లోపలికి రానివ్వలేదు, అంతే. కొత్త అప్‌డేట్లు రాని విండోస్ 10ని ఇంటర్నెట్‌కు తగిలించి నడపడం ఏ ఆఫీసుకూ మంచిది కాదు. అందుకని వాళ్లు తీసేశారు. వాళ్ల లెక్క వాళ్లకు సరే.

మనం మాత్రం విండోసే వేయాలన్న నియమం లేదు. లైనక్స్ ఉంది. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే కాలేజీ విద్యార్థి మొదలుపెట్టిన కెర్నెల్ అది. దాని సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. దాని మీద డెబియన్, ఉబుంటు, లైనక్స్ మింట్ లాంటి పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌లు తయారయ్యాయి. ఇదేదో కొత్త వింత అనుకోకండి. ఇప్పుడు మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో ఉన్నది ఆ కెర్నెలే.

బళ్లలో ఇది నడుస్తుందా అన్న అనుమానం అక్కర్లేదు. కేరళ ప్రభుత్వం 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, తర్వాత ప్రభుత్వ బళ్లన్నిటినీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చింది. ఆ కార్యక్రమమే ఇప్పుడు కైట్ అనే సంస్థ. 2019లో వాళ్లు ఉబుంటు 18.04 ఆధారంగా తమ బళ్ల కోసం తయారుచేసుకున్న సిస్టమ్‌ను రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో వేసే పని పెట్టుకున్నారు. లైసెన్సుల మీద మూడు వేల కోట్ల రూపాయలు మిగులుతాయని ఆ సంస్థే లెక్క చెప్పింది. మన తెలుగువాళ్లూ ఊరికే కూర్చోలేదు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో మెనూలు కనిపించే లైనక్స్‌ను తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో బాస్ అనే భారతీయ భాషల లైనక్స్‌ను తెచ్చింది.

లైనక్స్ ఉచితమే. అయితే అది ఏ కంప్యూటర్ మీద వేస్తే పేచీ పెట్టకుండా నడుస్తుందన్నదే అసలు ప్రశ్న. అక్కడికే వస్తున్నాను.

కంప్యూటర్ కొనడానికి ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో అంగడికి పోతే ఏమడుగుతాం? ఐ3నా, ఐ5నా? ర్యామ్ ఎంత? డిస్కు ఎంత? స్క్రీన్ ఎన్ని అంగుళాలు? చివరికి, "తగ్గించి ఎంతకిస్తావప్పా?" మదర్‌బోర్డు మీద ఏ చిప్‌సెట్ ఉంది, నెట్‌వర్క్ చిప్పు ఎవరిది అని అడిగేవాళ్లు చాలా తక్కువ. విండోస్‌తో వాడేవాళ్లకు ఆ ప్రశ్న పెద్దగా అవసరం పడదు. బోర్డు తయారుచేసే ప్రతి కంపెనీ విండోస్‌కు డ్రైవర్లు తానే ఇస్తుంది. లైనక్స్ వాడాలనుకున్నవాడికి మాత్రం మొదటి ప్రశ్న అదే కావాలి.

చిప్‌సెట్ అంటే ఏమిటి? మన ప్రాంతంలో రైలెక్కిన ప్రతివాడికీ గుంతకల్లు తెలుసు. ఆదోని నుంచి బయల్దేరినా, గుత్తి నుంచి వచ్చినా, బళ్లారి వైపు నుంచి వచ్చినా బండ్లు అక్కడ కలుస్తాయి, అక్కడ విడిపోతాయి. మదర్‌బోర్డు మీద చిప్‌సెట్ అలాంటి జంక్షన్. కీబోర్డు, మౌస్ తగిలించే యూఎస్‌బీ, డిస్కు, నెట్‌వర్కు, సౌండు, అన్నీ అక్కడికి చేరి, అక్కడి నుంచి ప్రాసెసర్ దగ్గరికి పోతాయి.

పాత బోర్డుల మీద ఇవి రెండు చిప్పులుగా ఉండేవి. నార్త్ బ్రిడ్జ్ మెమరీనీ, గ్రాఫిక్స్‌నూ చూసుకునేది. సౌత్ బ్రిడ్జ్ డిస్కు, యూఎస్‌బీ, సౌండు చూసుకునేది. 2003లో ఏఎండీ కంపెనీ అథ్లాన్ 64తో మెమరీ చూసే పనిని ప్రాసెసర్‌లోకే మార్చింది. ఇంటెల్ 2008లో కోర్ ఐ7తో అదే దారి పట్టింది. తర్వాత గ్రాఫిక్స్ కూడా ప్రాసెసర్‌లో కలిసిపోయాయి. నార్త్ బ్రిడ్జ్ మాయమైంది. మిగిలిన ఒక్క చిప్పునే ఇప్పుడు చిప్‌సెట్ అంటున్నాం. హెచ్110, క్యూ170, హెచ్610, బీ450 అని అంగట్లో వినిపించే పేర్లు వాటివే. అందుకని ఈ రోజుల్లో చిప్‌సెట్ చూడమంటే ఆ ఒక్కదాన్నే చూసి ఊరుకోవడం కాదు. ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్, బోర్డు మీద అతికించిన నెట్‌వర్క్ చిప్పు, సౌండు చిప్పు, వైఫై ఉంటే వైఫై కార్డు, ఇవన్నీ కలిపి చూడాలి.

వీటిలో ప్రతిదానికీ ఒక గుర్తింపు నంబరు ఉంటుంది, ఇంటి నంబరు లాగా. మొదటి సగం కంపెనీది, రెండో సగం ఆ చిప్పుది. ఇంటెల్ కంపెనీ నంబరు 8086. అది 1978లో ఆ కంపెనీ తెచ్చిన ప్రాసెసర్ పేరు కూడా. ఏఎండీది 1022. కంప్యూటర్ ఆన్ చేయగానే లైనక్స్ కెర్నెల్ బోర్డంతా తిరిగి ఈ నంబర్లు చదువుకుంటుంది. తన దగ్గరున్న పట్టికలో ఆ నంబరు ఉంటే, దానికి సంబంధించిన డ్రైవర్‌ను పిలుస్తుంది. పట్టికలో లేకపోతే ఆ చిప్పు బోర్డు మీద మెరుస్తూ ఉన్నా లేనట్టే. నెట్ రాదు, లేదా సౌండు రాదు, లేదా స్క్రీన్ మసకగా పెద్ద పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. లైనక్స్‌కు పనికొస్తుంది, పనికిరాదు అని మనం చెప్పుకునేదంతా ఈ నంబరు పట్టికలో ఉందా లేదా అన్న దాని మీదే తిరుగుతుంది.

పట్టికలోకి నంబరు ఎలా చేరుతుంది? ఆ చిప్పుతో ఎలా మాట్లాడాలో తెలిసినవాడు డ్రైవర్ రాయాలి. ఆ సంగతి అందరికన్నా ముందు తెలిసేది దాన్ని తయారుచేసిన కంపెనీకి. కంపెనీ ఆ వివరాలు బయటపెట్టినా, తానే డ్రైవర్ రాసి సోర్స్ కోడ్‌తో సహా కెర్నెల్‌కు ఇచ్చినా, అది కెర్నెల్‌లో భాగమైపోతుంది. తర్వాత వచ్చే ప్రతి వెర్షన్‌తోనూ వస్తుంది. ఆ కంపెనీ ఆ చిప్పును మర్చిపోయినా, ఆ మోడల్ అమ్మకం ఆగిపోయి పదేళ్లయినా డ్రైవర్ మాత్రం ఉంటుంది. కంపెనీ వివరాలు దాచుకుని ఒక వెర్షన్‌కు సరిపోయే మూసిన డ్రైవర్ ఇస్తే, ఆ వెర్షన్ పాతబడిన రోజు మన మెషీనూ పాతబడుతుంది.

ఇది మాటవరసకు చెప్పడం లేదు. 2008లో ఇంటెల్ చిన్న లాప్‌టాప్‌ల కోసం తెచ్చిన చిప్‌సెట్‌లో జీఎంఏ 500 అనే గ్రాఫిక్స్ ఉండేవి. ఆ డిజైన్ వేరే కంపెనీ నుంచి తీసుకున్నది. వివరాలు బయటికి రాలేదు. బయట అట్ట మీద ఇంటెల్ పేరే ఉన్నా లైనక్స్‌లో వాటితో వాడినవాళ్లు తిప్పలు పడ్డారు. అదే ఇంటెల్ సొంతంగా తయారుచేసుకున్న గ్రాఫిక్స్‌కు మాత్రం ఐ915 అనే ఓపెన్ డ్రైవర్ చాలా ఏళ్లుగా కెర్నెల్‌లోనే ఉంది. ఆ రోజుల్లోనే మన దేశంలో చవకగా దొరికిన కొన్ని లాప్‌టాప్‌లలో సిస్ 671 అనే చిప్‌సెట్ ఉండేది. లైనక్స్ వేస్తే దాని స్క్రీన్ పూర్తి రిజల్యూషన్ రాక జనం తల పట్టుకునేవాళ్లు. ఏఎండీ 2007 సెప్టెంబర్‌లో తన గ్రాఫిక్స్ చిప్పుల వివరాలు బయటపెడతానని ప్రకటించింది. ఆ రోజు నుంచి దాని కార్డులకు ఓపెన్ డ్రైవర్లు బలపడుతూ వచ్చాయి. ఎన్విడియా చాలా కాలం దాచుకునే దారిలోనే నడిచి, 2022 మేలో కొంత తలుపు తెరిచింది. అదీ కొత్త కార్డులకే. దాని పాత కార్డులు చాలావాటికి మూసిన డ్రైవర్ మద్దతు ఆగిపోయింది. కాబట్టి ఎవరన్నా పాత ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కూడా ఇస్తామంటే, బడి ల్యాబుకు వద్దని మర్యాదగా చెబుదాం.

మన రాష్ట్రం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు వేల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చే పెద్ద పథకం వచ్చింది. ఖర్చు తగ్గించడానికి అందులో వాడిన పద్ధతి తెలివైనది. ఒక సీపీయూలో ప్రత్యేకమైన కార్డు పెట్టి, దానికి చిన్న పెట్టెలు తగిలించి, ఒక్కో పెట్టెకు మానిటర్, కీబోర్డు పెడితే ఒకే సీపీయూను కొందరు పిల్లలు కలిసి వాడుకోవచ్చు. అయితే ఇలాంటి ఏర్పాటులో ఆ కార్డు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌తో, దానిలో ఏ వెర్షన్‌తో పనిచేయాలో తయారుచేసిన కంపెనీ ఇచ్చే డ్రైవరే నిర్ణయిస్తుంది. ఆ డ్రైవర్ కొత్తది రాకపోతే, ప్రాసెసర్ బాగున్నా, ర్యామ్ బాగున్నా, ముందుకు పోయే దారి ఉండదు. బడికి ఇచ్చే వస్తువును ఒప్పందం ముగిసిన తర్వాత ఎవరు చూస్తారన్నది కొనే రోజే అడగాల్సిన ప్రశ్న అని నేను అనేది అందుకే.

ఇప్పుడు మన ఇరవై మెషీన్ల దగ్గరికి వద్దాం. ఆరో తరం, ఏడో తరం ఆఫీసు మెషీన్లలో ఉండేవి ఇంటెల్ 100 వరుస, 200 వరుస చిప్‌సెట్లు. హెచ్110, బీ150, క్యూ150, క్యూ170, బీ250, క్యూ270, ఇలా. వీటి గ్రాఫిక్స్ ఇంటెల్ సొంతవే. నెట్‌వర్క్ చిప్పు చాలావాటిలో ఇంటెల్‌ది, కొన్నిటిలో రియల్‌టెక్‌ది. రెండిటికీ డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉన్నాయి. డిస్కు, యూఎస్‌బీ, సౌండు సంగతీ అంతే. ఇన్నేళ్లలో ప్రపంచమంతా లక్షల మంది వీటి మీద లైనక్స్ నడిపి, దొరికిన లోపాలు చెప్పి సరిచేయించారు. బడికి ఇంతకన్నా నలిగిన దారి దొరకదు.

కొత్తవి కొంటే ఇంకా మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. విండోస్ వాడేవాడికి నిజమే. లైనక్స్‌లో ఒక నియమం గుర్తుపెట్టుకోవాలి: చిప్పు కన్నా కెర్నెల్ కొత్తదై ఉండాలి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో ఉన్న కెర్నెల్ 6.1. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04లో మొదట ఇచ్చింది 6.8. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఉన్నది 6.12. నిన్నగాక మొన్న మార్కెట్లోకి వచ్చిన బోర్డు తెచ్చి, దాని మీద రెండేళ్ల కిందటి డెబియన్ వేస్తే, నెట్‌వర్క్ చిప్పు నంబరు పట్టికలో లేకపోవచ్చు. నెట్ రాకపోతే డ్రైవర్ దింపుకోవడానికీ నెట్ లేదు. ఎక్కువ డబ్బు పెట్టి ఎక్కువ చిక్కు కొనుక్కున్నట్టవుతుంది. ఉబుంటులో కొత్త కెర్నెల్ తర్వాత తెచ్చుకునే ఏర్పాటు ఉంది కానీ, బడిలో పిల్లల ముందు ఆ ప్రయోగాలు వద్దు.

కొత్తవే కొనాల్సి వస్తే నా సలహా ఇది. ఇంటెల్‌లో హెచ్610. అది 2022లో వచ్చింది. ఇప్పటి డెబియన్, ఉబుంటులకు బాగా తెలిసిన సరుకు. ఏఎండీలో బీ450, ఏ520, బీ550. ప్రాసెసర్ ఎంచుకునేటప్పుడు ఒక్క అక్షరం జాగ్రత్త. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండవు. ఈ ఏఎండీ బోర్డులకు వేసే రైజెన్‌లలో గ్రాఫిక్స్ కావాలంటే పేరు చివర జీ ఉన్నది చూసుకోవాలి. ధర తక్కువని ఎఫ్ ఉన్నది తీసుకుంటే, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. తగ్గిందనుకున్న డబ్బు అక్కడ పోతుంది, చూసుకోవాల్సిన డ్రైవర్ ఇంకొకటి పెరుగుతుంది.

మరీ పాతవి కూడా వద్దు. మీలో కొందరి ఇళ్లలో జీ31, జీ41 బోర్డులతో కంప్యూటర్లు అటక మీద ఉంటాయి. ప్రేమతో ఇస్తామంటారు. వాటి మీద లైనక్స్ ఎక్కుతుంది కానీ, ఈ రోజుల్లో వెబ్ పేజీ ఒకటి తెరిస్తే పిల్లవాడు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవాలి. 32 బిట్ ప్రాసెసర్ల సంగతైతే ముగిసింది. డెబియన్ 13 నుంచి వాటికి ఇన్‌స్టాలర్ రావడమే ఆగిపోయింది. కాబట్టి గీత ఇలా గీద్దాం: 64 బిట్, ఆరో తరం లేదా ఆ పైన, కనీసం 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. దీనికి కిందివి ఎవరిచ్చినా నమస్కారం పెట్టి వద్దందాం.

ఇప్పుడు పరీక్ష పద్ధతి. ఇది ఉచితంగా వచ్చేవాటికీ ఒకటే, అంగట్లో కొనేవాటికీ ఒకటే. ఒక పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్‌దో, డెబియన్‌దో లైవ్ కాపీ వేసుకుని వెళ్లాలి. దాన్ని తగిలించి ఆన్ చేస్తే డిస్కును ముట్టుకోకుండానే సిస్టమ్ నడుస్తుంది. అంగడివాళ్లు ఒప్పుకోకపోతే ఇంకో అంగడి చూసుకుందాం. తెరుచుకున్నాక, స్క్రీన్ పూర్తి సైజులో స్పష్టంగా ఉందా? కేబుల్ పెట్టగానే నెట్ వచ్చిందా? పాట పెడితే ముందున్న జాక్ నుంచీ, వెనకున్న జాక్ నుంచీ వినిపించిందా? యూఎస్‌బీ పోర్టులన్నీ పనిచేస్తున్నాయా? ప్రొజెక్టర్‌కు ఇచ్చే పోర్టు ఏది? పాత ఆఫీసు మెషీన్లు చాలావాటిలో హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. దానికి అడాప్టర్ లెక్కలో వేసుకోవాలి.

తర్వాత టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశం ఇవ్వాలి. దాని తర్వాత ఒక ఖాళీ, అడ్డగీత, ఇంగ్లీషు చిన్నబడి కే అక్షరం. బోర్డు మీదున్న చిప్పుల జాబితా వస్తుంది. గ్రాఫిక్స్, నెట్‌వర్క్, సౌండు, డిస్కు, యూఎస్‌బీ, ఈ అయిదింటి కిందా ఏ కెర్నెల్ డ్రైవర్ వాడుతున్నదో పేరు కనిపించాలి. అయిదింటికీ పేరుంటే బోర్డు పాసైనట్టే. ఈ పని పదో తరగతి పిల్లలకు ఒక గంటలో నేర్పొచ్చు.

ఆఫీసు మెషీన్లకు ఇంకో రెండు చిక్కులుంటాయి. ఒకటి, వాటి బయాస్‌కు కంపెనీ పాస్‌వర్డ్ పెట్టి ఉంటుంది. మెషీన్ బండెక్కకముందే దాన్ని తీయించాలి. ఆదోని చేరాక బెంగళూరుకు ఫోన్లు చేస్తే ఆ ఉద్యోగి ఇంకో కంపెనీలో ఉంటాడు. రెండు, డిస్కు అమరిక రెయిడ్ అని ఉంటే ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనిపించకపోవచ్చు. డిస్కు చెడిందని కంగారు పడి కొత్తది కొనకండి. బయాస్‌లో దాన్ని ఏహెచ్‌సీఐకి మారిస్తే కనిపిస్తుంది. సెక్యూర్ బూట్‌ను చూసి కూడా భయపడనక్కర్లేదు. అది ఆన్‌లో ఉన్నా డెబియన్, ఉబుంటు, మింట్ ఎక్కుతాయి. చాలా కంపెనీలు పాత డిస్కులు తీసుకుని ఖాళీ పెట్టెలిస్తాయి. అది మనకూ మంచిదే, ఎలాగూ కొత్త ఎస్ఎస్‌డీలే వేయాలి.

వైఫై గురించి ఒక్క మాట. ల్యాబులో వైఫై పెట్టుకోవద్దు. చవకగా దొరికే యూఎస్‌బీ వైఫై ముక్కలు కొన్నిటికి లైనక్స్‌లో డ్రైవర్ విడిగా కట్టుకోవాలి. కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ అది తెగిపోయే ప్రమాదం ఉంది. ఒక స్విచ్, కేబుల్ వేస్తే ఆ గొడవే లేదు.

అభ్యంతరాలున్నాయని నాకు తెలుసు. టైపింగు సంగతి అడుగుతారు. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లన్నీ అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద నడుస్తున్నాయి. అవి విండోస్ సరుకు. లెక్కలు రాసేవాళ్లకు టాలీ కావాలి. వాళ్లను లైనక్స్‌కు మారమని నేను చెప్పను. బడి ఆఫీసు గదికి విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ ఒకటి విడిగా కొందాం. పిల్లల ల్యాబుకు ఆ అవసరం లేదు. యూనికోడ్‌లో తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లైనక్స్‌లో సిద్ధంగా ఉంటుంది. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి అందమైన తెలుగు ఖతులు స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో దొరుకుతున్నాయి. యూనికోడ్ నేర్చుకున్న పిల్లవాడు రాసింది ఫోన్లోనూ కనిపిస్తుంది, వికీపీడియాలోనూ వెతికితే దొరుకుతుంది.

లైనక్స్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటి ఏటా రెండుసార్లు వస్తుంది. 2017 నవంబర్ నుంచి ఆ జాబితాలో 500కు 500 లైనక్స్ మీద నడుస్తున్నవే. ఇంటర్నెట్‌లో మనం చూసే సైట్ల వెనక ఉన్న సర్వర్లలో ఎక్కువ భాగం అవే. బళ్లో దాన్ని చూసిన పిల్ల కర్నూలు ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకున్నా, డిప్లొమాలో చేరినా, మొదటి రోజు కొత్తగా బెదిరిపోదు.

చెడిపోతే ఎవరు చూస్తారన్నది అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. మన చుట్టుపక్కల మెకానిక్కులకు విండోస్ చేయి తిరిగిన పని, లైనక్స్ అంతగా అలవాటు లేదు. దీనికి జవాబు చిప్‌సెట్‌లోనే ఉంది. ల్యాబులో మెషీన్లన్నీ ఒకే మోడల్, ఒకే చిప్‌సెట్ ఉండాలి. అప్పుడు ఒకదానిలో అన్నీ సరిగా అమర్చి, దాని పూర్తి కాపీని పెన్‌డ్రైవ్‌లో ఉంచితే, ఏ మెషీన్ మొరాయించినా అరగంటలో తిరిగి వేసుకోవచ్చు. ఒకదాని ర్యామ్ ఇంకొకదానికి సరిపోతుంది, ఒకదాని ఎస్ఎంపీఎస్ ఇంకొకదానికి సరిపోతుంది. ఆరు రకాల కంప్యూటర్లు దానంగా వస్తే ఆరు రకాల సమస్యలు వస్తాయి. ఒకే రకం ఇరవై వచ్చాయంటే విడిభాగాలతో సహా వచ్చినట్టే. ఉపాధ్యాయుల కోసం ఐఐటీ బొంబాయివాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడా ఉన్నాయి, ఉచితంగా.

వాటి వయసును నేను దాచను. దగ్గరదగ్గర పదేళ్ల మెషీన్లు. ఫ్యాన్లు పోతాయి, ఎస్ఎంపీఎస్‌లు పోతాయి. మన ఎండలు, మన దుమ్ము, మన కరెంటు మీకు తెలియనివి కావు. అందుకే ఇరవై వస్తే ఇరవైనీ బల్లల మీద పెట్టొద్దంటున్నాను. పరీక్షలో నెగ్గినవాటిలో పదిహేను నడుపుదాం, మిగిలినవి విడిభాగాలకు ఉంచుదాం. పదికి తక్కువ నెగ్గితే ఈ ప్రతిపాదన వదిలేసి కొత్తవే కొందాం. కంప్యూటర్ల మీద మిగిలిన డబ్బును ఎస్ఎస్‌డీలకు, యూపీఎస్‌కు, అన్నిటికన్నా ముందు సరైన ఎర్తింగ్‌కు ఖర్చు పెడదాం. ఎర్తింగ్ లేని గదిలో కొత్త కంప్యూటరూ నిలవదు, పాతదీ నిలవదు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, ఈ ల్యాబు ఎవరికో మనందరికీ తెలుసు. మన మండలంలో వాన మొహం చాటేసిన ఏడు పత్తి, వేరుశనగ ఏమవుతాయో, ఎన్ని కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోతాయో చెప్పనక్కర్లేదు. గాజులదిన్నె నీళ్లు అందే పొలాలు కొన్నే. అమ్మానాన్నలతో పాటు పోయిన పిల్లలు నెలల తర్వాత తిరిగి బడికి వస్తారు. వాళ్ల ఇంట్లో ఫోన్ ఉండొచ్చు, కీబోర్డు మాత్రం ఉండదు. వాళ్లు కంప్యూటర్ ముందు కూర్చునేది ఈ గదిలోనే. ఆ పిల్ల తిరిగి వచ్చిన రోజు మెషీన్ తెరుచుకోవాలి, తను దాచుకున్న ఫైలు దానిలో ఉండాలి. గుడ్డ కప్పి తాళం వేసిన ల్యాబు ఎంత కొత్తదైనా ఆ పిల్లకు పనికిరాదు.

"పారేసేవి మన పిల్లోళ్లకా?" అన్న మిత్రుడికి నా జవాబు ఇది. ఆ అయిదు చిప్పుల కింద డ్రైవర్ పేర్లు కనిపిస్తే అది పారేసే వస్తువు కాదు. కనిపించకపోతే సీలు తీయని కొత్త పెట్టె అయినా మన పిల్లలకు వద్దు. ఈ రెండు మాటలకూ ఆయన ఒప్పుకుంటాడని నా నమ్మకం.

జరగాల్సిన పనులు మూడు. మెషీన్లు చూడటానికి నాతో పాటు ఇద్దరు బెంగళూరు రావాలి. పరీక్ష ఫలితం ప్రతి మెషీన్‌కూ ఒక కాగితం మీద రాసి కమిటీకి ఇస్తాం, ఎవరైనా చూడొచ్చు. ల్యాబు బాధ్యత తీసుకునే ఉపాధ్యాయులు ఒకరు, తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ముందే పేర్లు ఇవ్వాలి. మెషీన్లు విప్పే రోజు వాళ్లు దగ్గరుండాలి. ఆ ఆదేశం మొదటిసారి వాళ్ల చేత్తోనే కొట్టించాలని నా కోరిక. ఏటా జూన్‌లో బడి తెరవక ముందు మనలో ఇద్దరు వచ్చి దుమ్ము దులిపి, అన్నీ ఆన్ చేసి చూసి పోవాలి. ఈ చివరిది మర్చిపోతే పై రెండూ వృథా.

పెన్‌డ్రైవ్‌లు నాలుగు సిద్ధం చేసి తెచ్చాను. భోజనాల తర్వాత ఎవరి లాప్‌టాప్ మీదైనా వేసి చూపిస్తాను, మీ డిస్కు జోలికి పోదు.